కొండపల్లి అంచు నుంచి చేబ్రోలు వైపు: ఒక 220 కేవీ లైను సర్వే, అనుమతుల డైరీ

జూలై

కృష్ణకు ఉత్తరాన కొండపల్లి కొండల అంచున బయలుదేరి, నదిని దాటి, మంగళగిరికి గుంటూరుకు మధ్య జాతీయ రహదారిని దాటి, డెల్టా మాగాణి మీదుగా చేబ్రోలు వైపు సాగే ఒక 220 కేవీ (కిలోవోల్టుల) డబుల్ సర్క్యూట్ లైనుకు, అంటే ఒకే టవర్ల మీద రెండు వరుసల తీగలు పోయే విద్యుత్ లైనుకు, సంబంధించిన డైరీ ఇది. లైను నిర్మించే సంస్థ వేరు. మార్గం సర్వే, పర్యావరణ పరిశీలన, అనుమతుల దస్త్రాలు తయారు చేయడం గుంటూరులోని మా బృందం బాధ్యత. ఇలాంటి పనిలోకి కొత్తగా వచ్చే ఇంజనీర్లకు ఉపయోగపడాలన్న ఉద్దేశంతో, ఏ పని ఎప్పుడు చేశామో, ఎందుకు ఆ వరుసలో చేశామో రాసుకుంటున్నాను.

ముందుగా చట్టం సంగతి. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ షెడ్యూలులో విద్యుత్ ట్రాన్స్‌మిషన్ లైన్లు లేవు. అంటే మా లైనుకు పర్యావరణ అనుమతి అక్కర్లేదు, దాని కోసం ప్రజాభిప్రాయ సేకరణ సభ కూడా ఉండదు. అందువల్ల చాలా ప్రాజెక్టుల్లో పర్యావరణ సర్వే అంటే అటవీ భూమి తగిలిన చోట చెట్లు లెక్కపెట్టడం వరకే అన్న అభిప్రాయం స్థిరపడిపోయింది. నేను దీనితో ఏకీభవించను. అడవి, నది, కాలువలు, చెరువులు, తోటలు, పక్షులు అన్నిటినీ ముందే చూసుకుని గీసిన మార్గమే అనుమతుల దశలో నిలబడుతుంది. ఎవరూ అడగరు కదా అని సర్వేను వదిలేసిన చోటే తరువాత అభ్యంతరం వస్తుంది, అప్పటికి మార్గాన్ని కదిపే వీలుండదు.

ఎందుకు ఉండదో వివరించాలి. లైను మార్గం అంటే కొన్ని యాంగిల్ పాయింట్లను, అంటే లైను మలుపు తిరిగే చోట్లను, కలిపే సరళరేఖలు. రెండు యాంగిల్ పాయింట్ల మధ్య లైను తిన్నగా పోతుంది, టవర్లు సాధారణంగా 350 మీటర్ల దూరంలో వస్తాయి. ఒక యాంగిల్ పాయింటు జరిగితే దానికి ఇరువైపులా ఉన్న రెండు రేఖలూ జరుగుతాయి. వాటి కింద ఉన్న సర్వే నంబర్లన్నీ మారతాయి, రహదారి, రైలు మార్గం దాటే చోట్లు మారతాయి, ఒక్కోసారి ఊళ్లే మారతాయి. విద్యుత్ చట్టం 2003లోని సెక్షన్ 68 కింద ప్రభుత్వ ముందస్తు ఆమోదం తీసుకున్నాక, మార్గంలోని గ్రామాల పేర్లతో పత్రికల్లోనూ గెజెట్‌లోనూ ప్రకటన ఇచ్చి, అభ్యంతరాలకు గడువు ఇచ్చి, ఆ పైన సెక్షన్ 164 కింద, టెలిగ్రాఫ్ చట్టంలో ఉన్నట్టు ఇతరుల భూముల మీదుగా లైను వేసే అధికారాలు కోరాలి. ఆ జాబితాలో లేని గ్రామంలోకి లైను జరిగితే ప్రకటన మళ్లీ మొదటి నుంచి. కాబట్టి ప్రకటన వెళ్లేలోపు నేలను పూర్తిగా చూసి ఉండాలని మా పనికి నియమం పెట్టుకున్నాను. నిర్మాణ సంస్థ ఇంజనీర్లు కాలపట్టికలో ప్రకటనను ముందుకు, సర్వేను వెనక్కు పెట్టారు. వారితో మాట్లాడి ఆ వరుస మార్పించడమే ఈ నెలలో జరిగిన ముఖ్యమైన పని.

ఉపగ్రహ చిత్రాలు, టోపో షీట్లు, గ్రామ పటాలు ఒకదానిపై ఒకటి పరిచి మూడు ప్రత్యామ్నాయ మార్గాలు గీశాము. అటవీ దస్త్రంలో ప్రత్యామ్నాయాలు చూపించాల్సి ఉంటుంది గనుక ఈ మూడింటినీ నిజంగా సాధ్యమయ్యేవిగా గీయడం మంచిది. ఎంచుకున్న మార్గాన్ని సమర్థించడానికి పక్కన రెండు వంకర గీతలు గీసి పంపే పద్ధతి ఒకటుంది. పరిశీలించే అధికారి అనుభవజ్ఞుడైతే ఆ దస్త్రాన్ని చూడగానే పట్టేస్తాడు.

ఆగస్టు – సెప్టెంబరు

నదిని దాటే చోటు. కృష్ణను వర్షాకాలంలో చూడకుండా క్రాసింగ్ నిర్ణయించకూడదు. ఎండాకాలంలో ఇసుక మేటలుగా కనిపించే పాయల్లో ఎక్కడైనా టవరు వేయవచ్చనిపిస్తుంది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైంది. ఆ నీటిమట్టం ఎక్కడి దాకా వచ్చిందో ఒడ్డున ఉన్న ఇళ్ల గోడల మీద, గుడి మెట్ల మీద ఊరివాళ్లు చూపించిన గుర్తులను లెవెల్ యంత్రంతో కొలిచి రాసుకున్నాము. అధికారిక గరిష్ఠ వరద మట్టంతో ఆ కొలతలను పోల్చి, క్రాసింగ్ టవర్లకు పైల్ పునాదులు (నేలలోకి లోతుగా దించే స్తంభాల పునాదులు), వరదమట్టానికి పైన తీగకు ఉండాల్సిన ఎత్తు ప్రతిపాదించాము. జలవనరుల శాఖకు పెట్టే దరఖాస్తులో నదీగర్భంలో నిలిచే పునాది ప్రవాహానికి ఎంత అడ్డుపడుతుందో, చుట్టూ నేల ఎంత లోతు కోసుకుపోతుందో లెక్క చూపాలి. క్రాసింగ్ టవర్లు మామూలు వాటికంటే బాగా ఎత్తైనవి గనుక విమానయాన అధికారుల నుంచి అభ్యంతరం లేదన్న పత్రం కోసం వాటి అక్షాంశ రేఖాంశాలు, సముద్రమట్టం నుంచి శిఖరం ఎత్తు వేరుగా తయారు చేసి ఉంచాము. గన్నవరం విమానాశ్రయాన్ని దృష్టిలో పెట్టుకోవాలి.

నది దక్షిణపు ఒడ్డున రాజధాని ప్రాంతం ఉంది కాబట్టి సీఆర్డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) మాస్టర్ ప్లానులోని రోడ్ల వరుసలను మా పటంలో పెట్టుకున్నాము. అక్కడి పల్లంలో కొండవీటి వాగు నీరు నిలిచే పొలాలను కూడా ఈ నెలల్లోనే గుర్తించాము. నీరు దిగిపోయాక ఆ పొలం మామూలు పొలంలాగే కనిపిస్తుంది.

ఒక మాట పునాదుల గురించి. డెల్టాలో మట్టి పరీక్ష గుంటలను కాలువలకు నీళ్లు వదిలిన కాలంలో తవ్వాలి. వేసవిలో కాలువలు కట్టేశాక తవ్విన గుంటలో భూగర్భ జలం కిందికి పోయి, నల్లరేగడి బీటలు వారి, పునాది పొడి నేలలో పడినట్టు కనిపిస్తుంది. అదే చోట ఆగస్టులో తవ్వితే మీటరు, మీటరున్నర లోతులోనే ఊట వస్తుంది. పొడినేల పునాదిగా వర్గీకరించిన టవరుకు తరువాత నీటిలో మునిగే పునాది అవసరమైతే ఖర్చు పెరగడం ఒక సంగతి, గుంట వెడల్పు పెరిగి పక్క రైతు పొలం ఇంకొంత పాడవడం అంతకంటే పెద్ద సంగతి.

అక్టోబరు – నవంబరు

వానలు తగ్గాక కొండపల్లి రిజర్వు అడవి అంచున చెట్ల లెక్క మొదలుపెట్టాము. మా మార్గం అడవిలో కొద్ది దూరమే పోతుంది, అయినా దస్త్రం మొత్తం దస్త్రమే. డీజీపీఎస్‌తో (ఉపగ్రహాల ఆధారంగా కచ్చితంగా కొలిచే పరికరంతో) హద్దులు కొలిచి, వాటిని పటం మీద చూపే కేఎంఎల్ ఫైలు తయారు చేసి, పర్యావరణ, అటవీ అనుమతుల కేంద్ర వెబ్‌సైటు అయిన పరివేష్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాలి. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టానికి 2023 సవరణతో వన్ (సంరక్షణ్ ఏవం సంవర్ధన్) అధినియమ్ అని పేరు మారింది కానీ, మొదటి దశలో సూత్రప్రాయ ఆమోదం, షరతులు నెరవేర్చాక రెండో దశలో తుది ఆమోదం అనే పద్ధతి అలాగే ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద కలెక్టరు ధ్రువపత్రం జతచేయాలి. ప్రత్యామ్నాయ వనీకరణ ఖర్చు, అటవీ భూమి నికర ప్రస్తుత విలువ చెల్లించాలి. కేంద్ర మంత్రిత్వశాఖ ప్రాంతీయ కార్యాలయం విజయవాడలోనే ఉండటం మాకు ఒక సౌలభ్యం.

220 కేవీ లైనుకు కారిడార్ (లైను వెంట తీగల కింద, పక్కన వదలాల్సిన పట్టీ) వెడల్పు 35 మీటర్లు. అడవిలో ఆ 35 మీటర్లూ నరికేస్తారని చాలామంది అనుకుంటారు. నిబంధన అలా లేదు. తీగ లాగే యంత్రాలు కదలడానికి ఒక్కో కండక్టరు (కరెంటు పారే తీగ) కింద 3 మీటర్ల పట్టీలో మాత్రమే చెట్లు తీసి, తీగ పని అయ్యాక ఆ పట్టీలో మొక్కలు మళ్లీ పెరగనివ్వాలి. మిగతా వెడల్పులో తీగకు తగలబోయే కొమ్మలు కొట్టుకుంటే చాలు. ఈ తేడాను చెట్ల లెక్కలోనే చూపించాలని పట్టుబట్టాను: పూర్తిగా తీయవలసిన చెట్లకు ఒక రంగు నంబరు, కొమ్మలు మాత్రమే కొట్టవలసిన చెట్లకు మరో రంగు నంబరు. మొత్తం కలిపి ఒకే సంఖ్య రాస్తే, పనిరోజున గొడ్డలి పట్టుకున్నవాడికి ఆ సంఖ్యే అనుమతిగా కనిపిస్తుంది.

తెల్లపొణికి చెట్లను విడిగా లెక్కపెట్టాము. కొండపల్లి బొమ్మలు చెక్కేది ఈ తేలిక కర్రతోనే. చెట్టు ఎక్కడెక్కడ ఉందో బీట్ అధికారి కంటే బొమ్మల కాలనీలో కర్ర తెచ్చుకునే పెద్దలకు ఎక్కువ తెలుసు, అందుకే అధికారి అనుమతితో వారిలో ఒకరిని వెంట తీసుకెళ్లాము. ఆయన చూపించిన చెట్లు కొన్ని మా 3 మీటర్ల పట్టీలో పడ్డాయి. అక్కడ టవరును కొండవాలు మీద కొంత పైకి జరిపి, ఎత్తు పెంచితే తీగ ఆ చెట్ల మీదుగా తగినంత దూరంలో పోతుందని ప్రొఫైల్ (నేల, తీగల ఎత్తులను పక్కనుంచి చూపే పటం) గీసి నిరూపించాము. టవరు ఎత్తు పెంచినందుకు ఉక్కు కొంచెం ఎక్కువ పడుతుంది. నిర్మాణ సంస్థ ఒప్పుకుంది.

డిసెంబరు – ఫిబ్రవరి

ఈ డైరీలో ఎక్కువ రాయవలసిన భాగం ఇదే. గుంటూరుకు దగ్గరలో, పెదకాకాని మండలంలో ఉప్పలపాడు చెరువులున్నాయి. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు అక్కడి సర్కారు తుమ్మ చెట్ల మీద గూళ్లు కట్టుకుంటాయి. ఊరివాళ్లు తరాలుగా వాటిని కాపాడుకుంటూ వస్తున్నారు. చెరువుకు గట్టు ఉంది, గట్టుకు సర్వే నంబరు ఉంది. పక్షులు తిండికి పోయివచ్చే ఆకాశానికి ఏ పటంలోనూ సరిహద్దు లేదు. మా మొదటి ప్రత్యామ్నాయ మార్గం చెరువును తగలకుండా, తగినంత దూరంగానే పోతుంది. కాగితం మీద దానికి ఏ అభ్యంతరమూ లేదు.

పెద్ద పక్షులకు విద్యుత్ లైన్ల వల్ల రెండు రకాల ప్రమాదాలున్నాయి, వాటిని కలిపేసి మాట్లాడటం వల్ల పరిష్కారాలు తప్పుదారి పడతాయి. మొదటిది విద్యుదాఘాతం. ఇది ఎక్కువగా 11 కేవీ, 33 కేవీ స్తంభాల మీద జరుగుతుంది, ఎందుకంటే అక్కడ తీగల మధ్య దూరం పెద్ద పక్షి రెక్కల చాపు కంటే తక్కువ. 220 కేవీలో తీగల మధ్య దూరం చాలా ఎక్కువ గనుక ఆ ప్రమాదం అరుదు. రెండోది ఢీకొనడం. మా లైనుకు సంబంధించింది ఇదే. లావుపాటి కండక్టర్లను పక్షి దూరం నుంచి చూసి, తప్పించుకోవడానికి పైకి లేస్తుంది. ఆ పైన, అన్నిటికంటే ఎత్తులో, పిడుగుల నుంచి లైనును కాపాడే సన్నని ఎర్త్ వైరు ఉంటుంది. చూడలేక దానికి కొట్టుకుంటుంది. గూడబాతు వంటి బరువైన పక్షి చివరి క్షణంలో ఒక్కసారిగా మళ్లలేదు.

కాబట్టి పక్షుల సంఖ్య మాకు ముఖ్యం కాదు. అవి మా మార్గరేఖను ఏ వేళలో, ఏ ఎత్తులో, ఏ దిక్కుకు దాటుతాయన్నదే ముఖ్యం. మార్గరేఖ మీద కొన్ని చోట్లు ఎంచుకుని, తెల్లవారక ముందే అక్కడ నిలబడి, దాటిన ప్రతి గుంపును మూడు ఎత్తులుగా రాసుకున్నాము: తీగల కంటే కింద, తీగల ఎత్తులో, తీగలకు పైన. ఎత్తు అంచనాకు కంటిని నమ్మకుండా, పొలంలో ఎత్తు తెలిసిన తాటిచెట్లను, దగ్గరలో ఉన్న పాత లైను టవర్లను గుర్తుగా పెట్టుకున్నాము.

కొన్ని వారాలకు స్పష్టమైన తీరు కనిపించింది. ఎండ ముదిరాక గూడబాతులు, కొంగలు వేడిగాలి మీద సుళ్లు తిరుగుతూ చాలా ఎత్తుకు పోతాయి. ఆ వేళ లైను వాటికి అడ్డే కాదు. పొద్దున్నే చెరువు వదిలేటప్పుడు, సాయంత్రం చెరువుకు దిగేటప్పుడు మాత్రం వేడిగాలి సహాయం లేక రెక్కల బలంతో తక్కువ ఎత్తులో, సరిగ్గా మా తీగలు వచ్చే ఎత్తులో ఎగురుతాయి. పైగా ఈ నెలల్లో తెల్లవారుజామున మాగాణి మీద పొగమంచు ఉంటుంది. గూళ్లలో పిల్లలు ఉన్న కాలంలో తల్లిపక్షులు తిండి కోసం మాటిమాటికీ తిరుగుతాయి, కాబట్టి దాటే సంఖ్య పెరుగుతుంది. ఈ మూడూ చలికాలంలోనే కలుస్తాయి. ఇదే సర్వేను మేలో చేసి ఉంటే చెరువు దగ్గర పక్షులు పలచగా ఉండేవి, ఇబ్బంది లేదని నివేదిక వచ్చేది, ఆ నివేదికలో ఒక్క అబద్ధమూ ఉండేది కాదు.

పరిష్కారాల్లో మొదట అందరూ చెప్పేది ఎర్త్ వైరుకు బర్డ్ డైవర్టర్లు తగిలించడం. స్పైరల్ చుట్టలు గానీ, గాలికి తిరిగే మెరుపు పలకలు గానీ తీగను కనిపించేలా చేస్తాయి. అవి ఉపయోగపడతాయి, మేమూ ప్రతిపాదించాము. కానీ పొగమంచులో, మసక వెలుగులో వాటి ఉపయోగం తగ్గుతుంది, కొన్నేళ్లకు పలకలు ఊడిపోతాయి, వాటిని మళ్లీ తగిలించే బాధ్యత ఎవరిదో నిర్వహణ పుస్తకంలో రాయించకపోతే ఎవరిదీ కాదు. నా అభిప్రాయంలో డైవర్టరు రెండో మందు. మొదటి మందు మార్గమే.

ఆ ప్రాంతంలో ఇప్పటికే ఒక పాత లైను ఉంది. పక్షులు దానికి అలవాటుపడి, దాన్ని దాటే ముందే ఎత్తు పెంచుకోవడం మా నమోదుల్లో మళ్లీ మళ్లీ కనిపించింది. కొత్త లైనును దానికి సమాంతరంగా, టవరు పక్కన టవరు వచ్చేలా, తీగలు దాదాపు ఒకే ఎత్తులో ఉండేలా వేస్తే పక్షులకు రెండో అడ్డు కొత్తగా ఏర్పడదు. ఒక్కసారి లేచి రెండింటినీ దాటతాయి. దీనికి ఒక యాంగిల్ పాయింటును కిలోమీటరుకు పైగా జరపాలి, అదనంగా ఒక టెన్షన్ టవరు (మలుపు దగ్గర తీగల లాగుడును తట్టుకునే బలమైన టవరు) వేయాలి, లైను కొంత పొడుగవుతుంది, మొదటి జాబితాలో లేని ఊళ్లు మార్గంలోకి వస్తాయి.

ఫిబ్రవరి – మార్చి

అదే కాలంలో ఊళ్లలో నడక సర్వే. గ్రామ సచివాలయ సర్వేయరుతో, వీఆర్వోతో కలిసి ఎఫ్ఎంబీ పటాలు (పొలాల కొలతల పటాలు) పట్టుకుని, అడంగల్‌లో పేరున్న రైతును కలిసి మాట్లాడటం. మిర్చి కోతలు, మినుము, మొక్కజొన్న పనులు నడుస్తున్న రోజులు. పొలంలో అడుగుపెట్టే ముందు రైతును అడిగి, గట్టు మీదే నడవాలని మా కుర్రవాళ్లకు గట్టిగా చెప్పాను.

రైతుల ప్రశ్నలు చాలా నిర్దిష్టంగా ఉంటాయి. నంబూరు దగ్గర ఒక పెద్దాయన అన్ని పత్రాలూ ఓపికగా విని, "ఏం బాబూ, రేపు తీగ కింద బోరు బండి నిలబెట్టుకోనిస్తారా?" అని అడిగారు. లేదండీ, బోరు తీగల కింద కాకుండా కారిడార్ అవతల వేసుకోవాలి అని చెప్పవలసి వచ్చింది. 220 కేవీ లైనులో తీగ బాగా వేడెక్కి కిందికి జారినప్పుడు కూడా నేల నుంచి కనీసం 7.015 మీటర్ల ఎత్తు ఉండాలి. మిర్చికి, మినుముకు, వరికోత యంత్రానికి అది సరిపోతుంది. బోరు బండికి, ఎత్తుగా గడ్డి వేసుకున్న లారీ మీద మనిషి నిలబడటానికి సరిపోదు. కొబ్బరి, తాడి, సుబాబుల్, జామాయిల్ పెంచడానికి వీలుండదు, ఇల్లు కట్టడానికి వీలుండదు. ఇవన్నీ తెలుగులో ఒక కాగితం మీద రాసి, ప్రతి రైతుకూ ఇచ్చాము. తెలియకుండా సంతకం పెట్టిన రైతు స్ట్రింగింగ్ (తీగ లాగే) రోజున పొలంలో నిలబడితే అతడిని తప్పుపట్టడానికి మనకు నైతిక హక్కు లేదు.

పరిహారం గురించి. 35 మీటర్ల వెడల్పు అంటే ఒక్కో కిలోమీటరుకు సుమారు 8.65 ఎకరాల మీద తీగ నీడ పడుతుంది. భూమిని సేకరించరు, హక్కు రైతుదే, కానీ విలువ తగ్గుతుంది. కేంద్ర విద్యుత్ మంత్రిత్వశాఖ 2015 మార్గదర్శకాలు టవరు అడుగు భూమికి విలువలో 85 శాతం, కారిడార్‌కు గరిష్ఠంగా 15 శాతం చెప్పాయి. 2024 జూన్ మార్గదర్శకాలు వాటిని 200 శాతానికి, 30 శాతానికి పెంచాయి. పంట, చెట్ల నష్టం వీటికి వేరు. రైతు అడ్డుచెబితే 1885 టెలిగ్రాఫ్ చట్టం సెక్షన్ 16 కింద జిల్లా మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వగలరు, పరిహారం చాలదనుకుంటే రైతు జిల్లా జడ్జి దగ్గరికి వెళ్లగలరు. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం పాత చట్టాన్ని తొలగించినా, విద్యుత్ లైన్ల కోసం ఆ భాగాన్ని నిలిపి ఉంచింది. ఈ రెండు దారులనూ రైతుకు ముందే చెప్పాలన్నది నా పట్టుదల. మేజిస్ట్రేటు సంగతి చెప్పి జడ్జి సంగతి దాచడం సర్వేయరుకు తగదు.

అడవి బయట ఉన్న చెట్లకు 2002 వాల్టా చట్టం కింద అనుమతి కావాలి. మామిడి, కొబ్బరి విలువను ఉద్యానశాఖ, మిగతా కలప విలువను అటవీశాఖ లెక్కగడతాయి. రైలు మార్గాల దగ్గర, రహదారుల దగ్గర లైను వీలైనంత లంబకోణంలో దాటేలా చూసుకున్నాము. మా లైను వల్ల పక్కనున్న టెలికాం తీగల్లో పుట్టే విద్యుత్ ప్రేరణ లెక్కకు పీటీసీసీ (విద్యుత్, టెలికాం సమన్వయ కమిటీ) ప్రశ్నావళి నింపాము. గుంటూరు ఛానల్, కొమ్మమూరు కాలువ దాటే చోట్ల గట్టు నుంచి దూరం, పూడిక తీసే యంత్రం నడిచే దారి చూపించాము. వీటిలో ప్రత్యేకంగా చెప్పుకోవలసిన కష్టం లేదు, కొలతలు సరిగ్గా ఉంటే కాగితం కదులుతుంది.

ఏప్రిల్

ఉప్పలపాడు దగ్గర మార్గం జరపాలన్న మా నివేదికపై నిర్మాణ సంస్థతో సుదీర్ఘంగా చర్చ జరిగింది. చట్టం అడగని మార్పుకు అదనపు టవరు ఎందుకన్నది వారి మొదటి ప్రశ్న, న్యాయమైన ప్రశ్నే. ఎత్తుల నమోదు పట్టికలు, పొగమంచు వేళల్లో తీసిన ఫోటోలు, పాత లైను దగ్గర పక్షులు లేచే తీరు చూపించాను. వీటన్నిటికంటే ఎక్కువగా పనిచేసింది ప్రకటన ఇంకా వెళ్లలేదన్న ఒక్క విషయం. ఇప్పుడు జరిపితే మారేవి డ్రాయింగులు, గ్రామాల జాబితా. ప్రకటన వెళ్లాక జరిపితే జాబితా, ప్రకటన, అభ్యంతరాల గడువు, కొత్త ఊళ్లలో నడక సర్వే అన్నీ మళ్లీ చేయాలి, ఒక పంటకాలం పోతుంది. లైను పడ్డాక పక్షులు చనిపోయి ఫిర్యాదు వస్తే జరపడానికి ఏమీ మిగలదు. మార్పును ఆమోదించారు. పాత లైను యజమాని సంస్థతో సమాంతర దూరం, షట్‌డౌన్ల (పని కోసం పాత లైనులో కరెంటు ఆపడం) విషయం మాట్లాడటానికి లేఖ వెళ్లింది.

సవరించిన మార్గంతో సెక్షన్ 68 దరఖాస్తు తయారైంది, అటవీ భాగం పరివేష్‌లో పెట్టాము. కొత్తగా వచ్చిన ఊళ్లలో రైతులను కలవడం మొదలైంది. అక్కడ పరీక్ష గుంటలు ఇప్పుడు తవ్వవద్దని చెప్పాను, కాలువలకు నీళ్లు వదిలాక తవ్వుతాము. డైవర్టర్ల తనిఖీ, ఊడిన వాటిని మార్చడం లైను నిర్వహణ సంస్థ వార్షిక పనుల పట్టికలో చేర్చాలన్న షరతు ముసాయిదా మాత్రం ఇంకా సంతకం కాలేదు. దాని మీద వచ్చే వారం మళ్లీ సమావేశం ఉంది.